సన్నని దేహం - దాగిన కొవ్వు

బక్కపలుచని మనిషికి కొలెస్టరాల్ ఎక్కడిదని మన ప్రాంతంలో చాలామంది నవ్వుతారు. సిరిసిల్లలో మరమగ్గాల నడుమ నిలబడే కార్మికునికీ, కోరుట్ల, జగిత్యాల ఇళ్ళలో ఒళ్ళో చేట పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీకీ అది సంపన్నుల జబ్బుగానే తోస్తుంది. ఈ నమ్మకం ప్రమాదకరమైనదని నా అభిప్రాయం.

2004లో 'లాన్సెట్' అనే వైద్యపత్రికలో ఇద్దరు వైద్యుల ఛాయాచిత్రం అచ్చయింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగిన బరువును తెలిపే సూచిక ఇద్దరికీ 22.3. చూపులకు ఇద్దరూ సన్ననివారే. శరీరంలోని కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! త్రాసు చెప్పని సంగతి ఇది.

కొవ్వు కణజాలం ధాన్యపు గాదె వంటిదని పూర్వం భావించేవారు. స్థూలకాయం గల ఎలుకల కొవ్వులో వాపును కలిగించే పదార్థం అధికంగా తయారవుతుందని 1993లో హార్వర్డ్‌లో హోటామిస్లిగిల్, స్పీగెల్‌మన్ ప్రభృతులు చూపారు. కొవ్వు కణాలు మితిమీరి ఉబ్బినప్పుడు రక్షకకణాలు అక్కడ గుమిగూడతాయి. పుండు పడినచోట జరిగే పనే, పుండు లేకుండా, ఏళ్ళ తరబడి సాగుతుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు. ఆ వాపువల్ల కొవ్వు కణాల వద్ద ఇన్సులిన్ మాట చెల్లదు. అవి కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి వదులుతాయి. కాలేయం వాటితో ట్రైగ్లిజరైడ్లను తయారుచేసి పంపుతుంది. మేలుచేసే హెచ్.డి.ఎల్. తరుగుతుంది, కీడుచేసే ఎల్.డి.ఎల్. కణాలు చిన్నవై రక్తనాళాల గోడల్లోకి చొరబడతాయి. కనుక మొత్తం కొలెస్టరాల్ అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండరాదు. వంశపారంపర్యం కూడా ఒక కారణమే అనుకోండి.

దోషం తిండిదేనని కార్మికుని మందలించడం తేలిక. పొలాస పరిశోధనాస్థానం అందించిన జగిత్యాల సన్నాలు రుచికరమే. కాని పూటపూటకూ తెల్లన్నం, చాలీచాలని పప్పు తినేది కోరికతో కాదు, కూలి అంతవరకే అందుతుంది గనుక. వెయ్యి బీడీలకింతని లెక్కగట్టే చోట లేచి నడిచే పది నిమిషాలూ కూలిలో కోతే. 'వ్యాయామం చేయండి' అనే సలహా ఆ చేట ముందు నవ్వులపాలవుతుంది.

కాబట్టి పరీక్షయే వారి వద్దకు రావాలి. బీడీలు అప్పగించే కార్ఖానా గుమ్మంలో, మగ్గాల షెడ్డులో దర్జీ టేపుతో నడుము కొలవవచ్చు. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే రక్తపరీక్ష చేయించాలి. సెలవుపై గల్ఫ్ నుండి జగిత్యాల వచ్చే యువకులనూ ఇందులో చేర్చాలి. వారికి పొట్ట పెరిగితే 'బాగుపడ్డాడు' అని మనం సంతోషిస్తున్నాం.