బంతి విసరు బాలుని వెదకువారెవరు?

2011 నవంబరులో ఢిల్లీ నగరమున వెస్టిండీసు జట్టుపై ఉమేశ్ యాదవు తన తొలి టెస్టు ఆడెను. విదర్భ ప్రాంతమునుండి భారత టెస్టుజట్టున చోటు సంపాదించిన మొదటివాడు ఈ వేగపు బౌలరే. తండ్రి నాగపురమునకు చేరువనున్న వల్నీ బొగ్గుగనిలో కార్మికుడు. కుమారుడు పోలీసు కొలువునకు యత్నించి కొద్దిలో తప్పిపోయెను. యౌవనమున అడుగిడువరకును టెన్నిసు బంతితోనే గాని తోలుబంతితో ఆడి యెరుగడు. విదర్భ జట్టు నాయకుడు ప్రీతమ్ గంధే అతని వేగమును కన్నులార చూచి పట్టుబట్టుటచే 2008లో రంజీ జట్టున ప్రవేశము దొరకినది. ఆ నాయకుని కంట పడకున్నచో అతని గతి యేమై యుండునో ఊహించుట కష్టము కాదు.

మందమర్రి మీదుగా ఉత్తరమునకు సాగు రైలుమార్గము ఆ నాగపురమునకే చేరును. బొగ్గు అట్టిదే, బాయి అట్టిదే, మూడు షిఫ్టుల బ్రతుకును అట్టిదే. ఎండ తగ్గగానే క్వార్టర్ల నడుమ మైదానములలో టెన్నిసు బంతి విసరు కుర్రవాండ్రకు మందమర్రిలో గాని, రామగుండములో గాని, గోదావరిఖనిలో గాని కొదువ లేదు. అయినను ఇంతవరకు సింగరేణి సీమనుండి భారత టెస్టుజట్టున నిలిచిన వేగపు బౌలరు ఒక్కడును లేడు. భుజబలము వార్ధానది దాటిన పిమ్మటనే పుట్టుచున్నదా?

లోపము బాలురయందు లేదు, వెదకువారియందున్నది. తెలంగాణ జిల్లాలన్నిటికిని రంజీ పోటీలలో హైదరాబాదు జట్టొక్కటే ద్వారము. మహమ్మదు సిరాజును టెన్నిసు బంతితో పెరిగినవాడే, ఆటో నడుపువాని బిడ్డయే. 2015లో రంజీలో ప్రవేశించి, 2016-17లో శిక్షకుడు భరత్ అరుణ్ ప్రోత్సాహమున 41 వికెట్లు తీసి, 2017 వేలమున 2 కోట్ల 60 లక్షల రూపాయలు పలికెను. 2021 జనవరిలో బ్రిస్బేనున ఒక ఇన్నింగ్సులో ఐదు వికెట్లు పడగొట్టెను. కాని అతడు నగరమున పుట్టినవాడు. క్లబ్బులును, నెట్లును అతనికి బస్సుదూరము. మందమర్రి బాలునకు ఆ దూరము రెండువందల కిలోమీటర్లకు పైమాట. తండ్రి ఒకనాటి మస్టరు వదలుకొని కుమారుని వెంటబెట్టుకొని పోయినను, గుంపులో నిలిపి ఆరు బంతులు వేయించి పంపివేసినచో తెలియునదేమి?

రైతులైన మన పాఠకులకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు. మేలైన విత్తనము కోరువాడు అంగడిలో కూర్చుండి బస్తాలకై వేచియుండడు. పైరు నిలిచియుండగనే చేనిలో దిగి, కంకి కంకి చూచి, గుర్తు కట్టి, వేరుగ నూర్పించును.

అమెరికావారి బేసుబాలు ఆటలో బంతి విసరువానిని పిచరందురు. అచట పెద్ద క్లబ్బులు ముప్పది; 2021 నుండి ఒక్కొక్క క్లబ్బునకు నాలుగేసి చిన్న జట్లు అనుబంధముగ నున్నవి. మైనరు లీగులన నివియే. క్లబ్బుల అన్వేషకులు పల్లెటూరి పాఠశాలల మైదానములకు పోయి, వేగము కొలుచు యంత్రము చేతబట్టి, కంచె వెనుక నిలిచి ఒకే బాలుని మరల మరల చూతురు. 2008లో మన దేశముననే ఒక పోటీ పెట్టించి, లక్నోలో ఈటె విసరుట నేర్చుచున్న దినేశ్ పటేలును, రింకూ సింగును (నేటి క్రికెటు ఆటగాడు వేరు) ఎంచుకొనిరి. ఆ యేటి నవంబరులోనే పిట్స్‌బర్గు క్లబ్బు వారితో ఒడంబడిక చేసికొనెను. అంతకుముందు ఆ బాలురు బేసుబాలు బంతిని ముట్టి యెరుగరు! సముద్రముల కావలివారికి లక్నో దగ్గరైనది. మన ఎంపికదారులకు మంచిర్యాల దూరమైనది.

అయితే అమెరికా పద్ధతియంతయు అనుకరణీయమని మేమనము. ఆ యిరువురిలో ఒక్కడును పెద్ద లీగునకు చేరలేదు. దినేశు 2010లోనే తొలగింపబడెను. రింకూ మోచేతి గాయముచే ఏండ్లు పోగొట్టుకొనెను. మైనరు లీగుల యువకులు చిరకాలము చాలీచాలని జీతముతో గడపిరి. 2022లో గాని వారికి కార్మికసంఘపు అండ కలుగలేదు. లేతచేతికి విరామమీయనిచో మోచేతి స్నాయువు తెగును. 1974లో టామీ జాన్ అను పిచరునకు డాక్టరు ఫ్రాంకు జోబ్ చేసిన శస్త్రచికిత్స నేటికిని ఆ పిచరు పేరనే చెల్లుచున్నది. 2014లో అచటివారు 15, 16 ఏండ్లవాడు దినమునకు 95 బంతులు మించి విసరరాదని హద్దు పెట్టిరి. మన వేగపు బౌలర్లకు నడుము ముప్పు మరియొకటి. వెన్నెముక దిగువ ఎముక చిట్లును. బహుమతి కప్పు కొరకు ఒకే బాలునిచేత ఒకే ఆదివారము మూడు ఆటలు ఆడించు పెద్దలు దీనిని గమనింతురుగాక.

రాంచీలో 1998లో సెంట్రల్ కోల్‌ఫీల్డ్సు అను బొగ్గుసంస్థ అధికారి దేవల్ సహాయ్, మహేంద్రసింగు ధోనీ అను కుర్రవానిని నెలకు రెండువేల రూపాయల భృతిపై తమ జట్టున చేర్చెను. ధోనీ బౌలరు కాడు, నిజమే; కాని బొగ్గుసంస్థ తలచుకొన్న నేమి చేయగలదో అందు కనబడుచున్నది. సింగరేణిలో 51 పాళ్లు రాష్ట్రానివి, 49 పాళ్లు కేంద్రానివి. ఆ సంస్థ ఉద్యోగుల జట్లు కోల్ ఇండియా పోటీలకు పోవుచునే యున్నవి. కార్మికుని పదునారేండ్ల బిడ్డకును అట్టి భృతి యేల యుండరాదు?

వారసత్వపు ఉద్యోగముల పథకమును హైకోర్టు 2017లో కొట్టివేసినది. మరణించిన లేక వైద్యులు అనర్హుడన్న కార్మికుని కుటుంబమునకే ఇపుడు కారుణ్య నియామకము. కావున కొడుకు బంతి పట్టగా "ఇది కూడు పెట్టునా?" అని తల్లి యడుగుట న్యాయమే. ఆమెకు సంస్థ వ్రాతమూలకముగ జవాబీయవలెను: మూడేండ్ల భృతి, ఆటతోబాటు ఐ.టి.ఐ. చదువు, గాయమైన సంస్థ ఆసుపత్రిలో చికిత్స, ఆట కుదరనినాడు చేతిలో ఒక పని. ఇక ఎంపికదారులు వానలు వెనుకబట్టిన పిమ్మట ఒక వారము మందమర్రిలో, ఒక వారము గోదావరిఖనిలో మకాము చేసి, ఆరు బంతులు గాక ఆరు సాయంత్రములు చూచి పేర్లు వ్రాసికొనవలెను.