అమ్మ లేని ఫ్యామిలీ ఫొటో

నా ఫోన్‌లో 'ఫ్యామిలీ ట్రిప్స్' అని ఒక ఆల్బమ్ ఉంది. 2021 అరకు, 2022 ఊటీ, 2024 గోవా. మొత్తం దాదాపు తొమ్మిది వందల ఫొటోలు. ఈ సంక్రాంతికి చంద్రగిరిలో ఇంట్లో కూర్చుని టీవీకి కనెక్ట్ చేసి అందరికీ చూపిస్తుంటే, మధ్యలో మా చెల్లి ఒక మాట అంది.

"అన్నా, ఒక్కదాంట్లో కూడా అమ్మ లేదే!"

నిజంగానే లేదు. నాన్న ఉన్నాడు, చెల్లి ఉంది, నేనున్నా. ఊటీలో ఐస్‌క్రీమ్ బండివాడు కూడా ఉన్నాడు. అమ్మ మాత్రం ప్రతిసారీ ఇంట్లోనే ఉండిపోయింది. కర్రిగాడి కోసం.

కర్రిగాడు మా కుక్క. 2020 లాక్‌డౌన్‌లో నేను బెంగళూరు నుంచి వర్క్ ఫ్రమ్ హోమ్‌కి వచ్చినప్పుడు మా వీధి చివర కాలవ పక్కన దొరికాడు. ఒళ్లంతా నలుపు, ఛాతీ మీద ఒక తెల్ల మచ్చ. మా వైపు నలుపుని కర్రి అంటాం, అదే పేరైపోయింది. ఇంటికి తెచ్చింది నేను. ఆఫీసు తెరవగానే బ్యాగు సర్దుకుని బెంగళూరు పోయింది కూడా నేనే. అప్పట్నుంచి అన్నం కలిపేది, రాత్రి గేటు తీసేది, వర్షమొస్తే లోపలికి పిలిచేది అన్నీ అమ్మే. ట్రిప్ అనగానే అమ్మ డైలాగ్ ఒక్కటే: "మీరు పోయి రాండి. కుక్కను ఎవురు చూస్తారు?"

పోయినేడు ఒక పెళ్లికి అందరం వెళ్లక తప్పలేదు. రెండ్రోజులు వాణ్ణి ఒక బోర్డింగ్‌లో వదిలాం. వాడు తిండి ముట్టలేదు. ఇంటికొచ్చాక చెవుల్లో పిడుదులు, ఆ తర్వాత జ్వరం, సెలైన్. ఇక అమ్మ ఫైనల్‌గా చెప్పేసింది, వాణ్ణి ఎక్కడా వదిలేది లేదని.

వదలకూడదంటే వెంట తీసుకెళ్లాలి. ఈసారి అదే చేద్దామనుకున్నాం.

ముందు రైలు చూశా. మన రైళ్లలో కుక్కని మన దగ్గరే ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపేగానీ, నాలుగు బెర్తుల క్యాబిన్‌గానీ మొత్తం మనకే రావాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లో కుదరదు. లేకపోతే బ్రేక్ వ్యాన్‌లో ఉండే డాగ్ బాక్స్‌లో పంపాలి. ఆ చీకటి పెట్టెలో కర్రిగాడు ఒంటరిగా ఉండటాన్ని అమ్మ ఊహించుకోవడం కూడా నాకిష్టం లేదు. విమానమైతే, ఆకాశ ఎయిర్ 2022 నవంబర్‌లో పెంపుడు జంతువుల్ని క్యాబిన్‌లోకి అనుమతించడం మొదలుపెట్టినప్పుడు బుట్టతో కలిపి 7 కిలోల లిమిట్ పెట్టింది. తర్వాత దాన్ని పెంచారు. ఎంత పెంచినా మావాడు 22 కిలోలు. వాడి తల ఒక్కటే పడుతుందేమో!

మిగిలింది మా కారు. కానీ కర్రిగాడికి కారంటే భయం, డోర్ తీస్తేనే మంచం కిందికి దూరేవాడు. ఎందుకా అని ఆలోచిస్తే అర్థమైంది. వాడి జీవితంలో ఎప్పుడు కారెక్కినా వెళ్లింది ఒక్క చోటికే, పశువుల ఆసుపత్రికి. వాడి లెక్కలో కారంటే సూది.

మా ఫీల్డ్‌లో ఒక రూల్ ఉంటుంది, టెస్ట్ చేయకుండా ఏదీ ప్రొడక్షన్‌లో పెట్టకూడదు. అదే ఫాలో అయ్యాం. మొదటి వారం ఇంజిన్ ఆఫ్‌లో ఉన్న కారులో కూర్చోబెట్టి ఉడికించిన కోడిగుడ్డు పెట్టడం, అంతే. రెండో వారం ఇంజిన్ ఆన్ చేసి వీధి చివరిదాకా. మూడో వారం పొద్దున్నే కోట రోడ్డు దాకా. రాజమహల్ లోపలికి కాదులెండి. బయట రోడ్డు మీదే పది నిమిషాలు నడిపించి వెనక్కి తెచ్చేవాళ్లం. నెలన్నరకి డోర్ తీస్తే వాడే ముందు ఎక్కి కూర్చున్నాడు. ఈ ట్రైనింగ్ అంతా వీకెండ్స్‌లో నేను, మిగతా రోజుల్లో అమ్మా నాన్నా చేశారు. డ్రైవింగ్ అంటే విసుక్కునే నాన్న రోజూ పొద్దున ఆరింటికి కారు తీయడం నేను మొదటిసారి చూశా.

ఎక్కడికెళ్లాలి అన్నది తర్వాతి ప్రశ్న. చెల్లి తలకోన అంది. అది శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ అడవి, అక్కడికి కుక్కని తీసుకెళ్లడం కరెక్ట్ కాదు. మన కుక్క నుంచి అడవి జంతువులకి జబ్బులు అంటుకోవచ్చు. 2018లో గుజరాత్ గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి, వాటిలో కొన్నింట్లో దొరికింది కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ వైరసే. రిస్కు మనవాడికీ ఉంది. శేషాచలంలో చిరుతలున్నాయని మన వైపు ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నపాపని కోల్పోయిన సంగతి ఇంకా ఎవరం మర్చిపోలేదు. చిరుతకి కుక్కంటే మరీ ఇష్టమైన వేట. కాబట్టి అడవి అంచున, అదీ చీకటి పడ్డాక, కుక్కతో వాకింగ్ వద్దే వద్దు.

చివరికి హార్స్‌లీ హిల్స్ అనుకున్నాం. కొండ కింద ఎక్కడైనా రూమ్ తీసుకుందామని ప్లాన్. మార్చిలో ఒక శనివారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. ఎండ ముదిరేలోపు చేరిపోవాలి కదా. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఏసీ. ఆపి ఉంచిన కారులో పది నిమిషాల్లోనే వేడి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. 'టీ తాగేసి రెండు నిమిషాల్లో వచ్చేస్తా' అని అద్దాలు వేసి లోపల వదిలితే ప్రాణమే పోవచ్చు. రోడ్డు మీద నడిపించే ముందు అరచేతి వెనక వైపు ఒక ఐదు సెకన్లు తారు మీద పెట్టి చూడండి. మీ చేయి తట్టుకోలేకపోతే దాని కాళ్లూ తట్టుకోలేవు.

భాకరాపేట ఘాట్ మలుపుల్లో కర్రిగాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. తప్పు నాదే. బయల్దేరే ముందు జాలిపడి రెండు ఇడ్లీలు పెట్టా. ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టకూడదు, నీళ్లు మాత్రం కొద్దికొద్దిగా ఇవ్వాలి. పీలేరు దగ్గర ఆపి సీటు కడిగాం. నాన్న ఒక్క మాట అనలేదు.

అసలు కథ రిసార్ట్ గేటు దగ్గర జరిగింది. ఫోన్‌లో "పెట్స్ ఓకే సార్" అన్నారు. అడ్వాన్స్ కూడా కట్టా. తీరా కర్రిగాణ్ణి చూశాక అక్కడి మనిషి ముఖం మారిపోయింది. "ఇది ఊరకుక్క కదా సార్. మేం బ్రీడ్ డాగ్స్‌నే అలో చేస్తాం."

నేను వ్యాక్సిన్ కార్డు చూపించా. ఏటా వేయించే రేబిస్ టీకా స్టాంపులు చూపించా. అతను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. నేను గొంతు పెంచబోతుంటే అమ్మ వెనక సీట్లోంచి మెల్లగా అంది. "ఏం పర్లేదులే నాయనా. మీరు ముగ్గురూ లోపలికి పోండి. నేనూ వాడూ కార్లోనే ఉంటాం."

ఆరేళ్లుగా అమ్మ చెబుతున్నది ఇదే మాట. ఇంట్లో ఉన్నప్పుడు అది మాకు మామూలుగానే వినిపించేది, థాంక్స్ కూడా చెప్పకుండా బ్యాగులు తీసుకుని పోయేవాళ్లం. ఆ గేటు ముందు విన్నప్పుడు మాత్రం నాకు తల ఎత్తాలనిపించలేదు.

ధర్మరాజు కథ మనందరికీ తెలుసు. స్వర్గానికి రథం వచ్చినా, వెంట నడిచొచ్చిన కుక్కకి చోటు లేదంటే తానూ ఎక్కనన్నాడు. చిన్నప్పుడు అది కుక్క గొప్పతనం గురించిన కథ అనుకునేవాణ్ణి. మా ఇంట్లో ఆ రథం ఎక్కకుండా ఆగిపోతున్నది మా అమ్మ అని ఇన్నాళ్లూ తట్టలేదు.

నాన్న నా వైపు తిరిగి రెండే మాటలన్నాడు. "బండి తిప్పరా."

మదనపల్లె వైపు తిరిగొచ్చి నాలుగు చోట్లకి ఫోన్ చేశాం. ఐదోది టమోటా తోటలో ఇల్లు అద్దెకిచ్చే ఒక పెద్దాయనది. ఈసారి ముందే చెప్పేశా, "ఊరకుక్క అండీ" అని. ఆయన నవ్వాడు. "మా ఇంట్లో రెండుండాయి సామీ. తోలుకోని రాండి."

అందుకే మీకో సలహా. 'పెట్ ఫ్రెండ్లీ' అన్న మాట నమ్మి డబ్బు కట్టొద్దు. కుక్క ఫొటో వాట్సాప్‌లో పంపండి. బరువెంత, ఏ జాతి అన్నది రాయండి. రూమ్‌లో మనతో ఉండనిస్తారా, బయట కట్టేయాలా అని అడగండి. జవాబు రాతలో తీసుకోండి. అలాగే మన వైపు నుంచి కొన్ని బాధ్యతలు. లీష్ తీయకూడదు, అది చేసింది మనమే ఎత్తాలి, భయపడేవాళ్లు ఎదురైతే మనమే పక్కకి తప్పుకోవాలి. వాళ్ల భయం కూడా నిజమే కదా. ముసలి కుక్కలు, జనాన్ని చూస్తే వణికే కుక్కలు ఉంటాయి. వాటికి ఇంటి దగ్గర తెలిసిన మనిషి తోడుంటేనే మేలు. కానీ ప్రతిసారీ ఒకే మనిషి కాదు.

మేం ఆ ట్రిప్‌లో నేర్చుకున్నది కూడా అదే. ఆదివారం పొద్దున కొండ మీదికి ఇద్దరిద్దరం వంతులేసుకుని వెళ్లాం. మొదట అమ్మా చెల్లీ. తోటలో కర్రిగాడికి కాపలా నేనూ నాన్నా. అమ్మ వ్యూ పాయింట్ దగ్గర్నుంచి నాకు వీడియో కాల్ చేసి కొండలు చూపించాల్సింది పోయి, "వాడు నీళ్లు తాగినాడా?" అనడిగింది. తాగాడమ్మా, నువ్వు ముందు అవతలికి తిరిగి కొండలు చూడు అన్నా.

బయల్దేరే ముందు పెద్దాయన చేతికి ఫోన్ ఇచ్చి నలుగురం నిలబడ్డాం, కర్రిగాడితో కలిపి ఐదుగురం. ఫొటోలో అమ్మ కళ్లు మూసుకుంది. కర్రిగాడు కెమెరా వదిలేసి కోడిపెట్ట వైపు చూస్తున్నాడు. నాన్న చొక్కా మీద ఇంకా వాంతి మరక ఉంది. చెల్లి ఇంకోటి తీద్దామంది.

"చాల్లే, బాగానే ఉంది" అంది అమ్మ.

ఇప్పుడు ఆ ఆల్బమ్‌కి కవర్ ఫొటో అదే.