మూడవ పిన్నును విరువవలదు

తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో పాట వినిపించు యంత్రము లేని యిల్లు నేడు అరుదు. 1963వ సంవత్సరమున శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతము రికార్డుగా వెలువడెను. వేకువజామున పాట మ్రోగుట యిచ్చటి వీధులకు క్రొత్త గాదు. అయినను అంతటి గానము క్రింద అనేక గృహములలో 'గుయ్' మను మ్రోత యొకటి యెడతెగక వినవచ్చుచున్నది. స్పీకరు చెడినదని తలచి యింటివారు అంగడికి పోయి అంతకంటె పెద్దది కొని తెత్తురు. దానితోపాటు మ్రోతయు పెద్దదగును.

మా యభిప్రాయమున దోషము తరచుగా స్పీకరునందు గాక, తీగెలు కలిపిన విధమునందే యున్నది. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. సెకనుకు 50 ఆవృత్తులు గలది. ఆ 50 గాని, దాని రెట్టింపగు 100 గాని మన చెవికి మ్రోతగా వినబడును. గాయకులు తమ కంఠమునకు తగిన శ్రుతి నెన్నుకొందురు. విద్యుత్తు ఎవరి శ్రుతిని గూర్చియు విచారింపదు.

పాటపెట్టెను ఒక గోడయందలి ప్లగ్గునకు, యాంప్లిఫయరును వేరొక గోడయందలి ప్లగ్గునకు తగిలించితి మనుకొందము. రెండింటికిని ఎర్తు గలదు. వాని నడుమ ధ్వనిని కొనిపోవు తీగెయొక్క పైయల్లిక ఆ రెండు ఎర్తులను కలిపి యొక వలయము నేర్పరచును. ఆ వలయమున ప్రవహించు స్వల్ప విద్యుత్తును యాంప్లిఫయరు పాటగానే యెంచి పెంచును. రెండు యంత్రములను ఒకే స్విచ్చిబోర్డునకు తగిలించినచో పెక్కు పర్యాయములు మ్రోత యణగిపోవును. కరెంటు తీగెలను, ధ్వని తీగెలను కలిపి కట్టగట్టరాదు.

ఇట్లు చేయుటకు మారుగా కొందరు యువకులు ప్లగ్గునందు లావుగా, పొడవుగా నుండు ఎర్తు పిన్నును విరిచివేయుచున్నారు. వలయము తెగును, మ్రోత పోవును, నిజమే. కాని లోపలి తీగె తొడుగు చెడి కరెంటు ఇనుప పెట్టెకు తగిలినపుడు, దానిని భూమికి దింపి ఫ్యూజు నెగురగొట్టవలసినది ఆ పిన్నే. అది లేనియెడల 230 వోల్టులును పెట్టెపైననే నిలిచి, దుమ్ము తుడువవచ్చిన తల్లి చేతికొరకు కాచియుండును. ఈ పనిని మేము గట్టిగా ఖండించుచున్నాము.

పిన్ను ఉన్నంతమాత్రమున చాలదు. మన రాయలసీమలో ఎండునేల, రాతినేల మెండు. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్తు గుంత తడిగా నుండిననే కరెంటును చక్కగా భూమిలోనికి దింపును. మే నెలలో అది యెండిపోయినచో ఫ్యూజు పోవునంతటి కరెంటు ప్రవహింపకపోవచ్చును. మల్లెపాదునకు పోయు నీటిలో రెండు బిందెలు దానికిని పోయవలెను. 30 మిల్లీఆంపియరుల లీకేజీకే కరెంటు నాపివేయు ఆర్.సి.సి.బి. యను స్విచ్చిని మెయిను బోర్డున నుంచుకొనుటయు మిక్కిలి యవసరము. మన విద్యార్థులు ఓము సూత్రమును తప్పులేక వ్రాయుదురు గాని, తమ యింటి ఎర్తు గుంత యెచ్చట నున్నదని యడిగిన తల గోకికొందురు. పెద్దలలోను పలువు రంతే.

ఇవన్నియు సరిగా నుండియు మ్రోత వినబడినచో, ధ్వని తీగె నడుమ నుంచెడి ఐసొలేటరు అను చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టె యంగళ్లలో దొరకును. వలయము అచ్చట తెగును; ఎర్తు తీగెను ముట్టవలసిన పనియే లేదు.