రష్యా బ్రేస్‌లెట్టు, మా అమ్మ కెంపుల గాజులు

కొంచెం పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

మొన్న మన గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టారు. విదేశంలో వేలానికొచ్చిన పాత రష్యా బంగారు బ్రేస్‌లెట్టు, రాళ్లు పొదిగింది. "మన కోలార్ బంగారమేమో" అని ఒకరు, "రాబర్ట్‌సన్‌పేటలో ఇంతకంటే బాగా చేస్తారు" అని ఇంకొకరు రాశారు. నాకు మాత్రం దాని మీది ముద్ర దగ్గరే మనసు ఆగిపోయింది.

జార్ల కాలంలో రష్యా బంగారం మీద ఎక్కువగా 56 అనే అంకె కొట్టేవాళ్లు. అక్కడి లెక్కలో మేలిమి అంటే 96. కాబట్టి 56 అంటే మన 14 క్యారెట్లు. మన ఆడవాళ్లకి చూపిస్తే మూతి తిప్పేస్తారు! 1899 నుంచి ఆ ముద్రలో తలకట్టు పెట్టుకున్న ఒక స్త్రీ ముఖం కూడా ఉండేది. 1908 దాకా ఎడమవైపు చూస్తుంది, ఆ తర్వాత కుడివైపు. అది చూసి వస్తువు ఏ కాలానిదో చెప్పేస్తారు. పక్కన చేసినవాళ్ల పొడి అక్షరాలు. అలాంటి వేలంలో బరువొక్కటే చూడరు, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ రాళ్లు అన్నదానికీ ధర కడతారు.

మన ఊళ్లో జరిగే వేలం వేరు. 1880ల నుంచి 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా మన గనుల్లోంచి దాదాపు 800 టన్నుల బంగారం బయటికి పోయింది. మూడు కిలోమీటర్ల లోతుకి దిగిన వాళ్ల ఇళ్లలో మిగిలింది గ్రాముల్లెక్క. అదీ కాలేజీ ఫీజుకో ఆస్పత్రికో తాకట్టుకి పోతోంది.

మా అమ్మ కెంపుల గాజుల సంగతి సిగ్గుతో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెల్లి కాన్పుకి ఒక ఫైనాన్సులో పెట్టాం. వడ్డీ ఆగింది. నోటీసు మేం ఖాళీ చేసిన పాత లైన్ ఇంటికి వెళ్లింది. మాకు తెలిసేసరికి వేలం అయిపోయింది. వాళ్లిచ్చిన కాగితంలో రాళ్ల బరువు తీసేసి, మిగతాదానికే లెక్క కట్టారు. "కెంపులైనా తిరిగిస్తారేమో అడగరా" అంది అమ్మ. ఆ గాజులకి ఒక్క ఫోటో కూడా లేదు. పెళ్లి ఫోటోలో చీర కొంగు అడ్డం వచ్చింది.

2025లో రిజర్వు బ్యాంకు బంగారు అప్పులకి కొత్త నిబంధనలు ఇచ్చింది. 2026 ఏప్రిల్ 1కల్లా అందరూ పాటించాలి. నగ విలువ మన ఎదురుగానే కట్టాలి. మొత్తం బరువు, నికర బరువు, రాళ్లకి ఎంత తీశారు, నగ ఫోటో, అన్నీ ఉన్న కాగితం ఇవ్వాలి. వేలానికి ముందు మనకి తెలియజేయాలి. మొదటి వేలంలో కనీస ధర అప్పటి విలువలో 90 శాతానికి తగ్గకూడదు. బాకీ పోగా మిగిలింది మనకే రావాలి. రాళ్లకి మాత్రం ఇప్పుడూ విలువ కట్టరు. అందుకే పెట్టక తప్పకపోతే ముందు సాదా గొలుసు పెట్టండి, రాళ్ల నగ ఆఖరికి ఉంచండి. ఇల్లు మారితే ఆ ఆఫీసులో అడ్రసు, ఫోన్ నంబరు మార్పించండి.

తాకట్టు ఇంటి గుట్టు, సంఘానికెందుకు అని పెద్దలు కొందరంటారు. గౌరవంతోనే చెబుతున్నా, నేనొప్పుకోను. ఆ గుట్టు వల్లే మా గాజులు పోయాయి. ఆ రోజు వడ్డీ మటుకు ఎవరైనా సర్దినా ఆగేవి. ఈసారి ఉగాదికి ఆర్కెస్ట్రా మానేసి (తిట్టుకోకండి), ఆ డబ్బుతో వడ్డీ కట్టలేనివాళ్లకి చేబదులు నిధి పెడదాం. పేర్లు బయటికి రాకుండా కోశాధికారి ఒక్కరికే తెలిస్తే చాలు. పేపర్లో వేలం ప్రకటనలు చదివి, మనవాళ్ల పేర్లుంటే వాళ్లకి ఫోన్ చేసే పని నేను తీసుకుంటాను, ఇంకొకరు తోడు కావాలి.

వచ్చే మీటింగుకి మా అమ్మ తాకట్టు చీటీ తెస్తాను. మీ దగ్గరున్నవీ తీసుకురండి, కలిసి చదువుదాం.