జేబుచాకు, చట్టము, మన నోటీసు బోర్డు

గత విద్యాసంవత్సరపు అర్ధసంవత్సర పరీక్షల నాడు ఒకే గదిలో ఇద్దరు విద్యార్థుల సంచులలో రెండు కత్తులు దొరికినవి. ఒకటి ఉర్దూ శాఖ విద్యార్థిది. రెండంగుళముల అలుగు, కొమ్ము పిడి, తాతగారి నాటి కలంతరాష్. రెల్లుకలము మొనను దానితో చెక్కుకొని నస్తలీఖు వ్రాతను సాధన చేయుట అతని అలవాటు. రెండవది తెలుగు మాధ్యమపు విద్యార్థిది. ఉరుసు బజారులో కొన్నాడట. బొత్తాము నొక్కినచో ఐదంగుళముల అలుగు చటాలున బయటికి దూకును. ఇవి ఎందుకని అధ్యాపకులు అడుగగా మొదటివాడు సంచిలోని కలములను చూపినాడు. రెండవవాడు “ఆత్మరక్షణ కొరకు సార్” అన్నాడు. రెండు కత్తులును కార్యాలయపు బీరువాలోనికి చేరినవి. మరునాడు నోటీసు బోర్డుపై ఒకే వాక్యము వెలసినది: ఏ విధమైన కత్తియు ఆవరణలోనికి తేరాదు.

పరీక్ష గదిలోనికి కత్తి రాకూడదనుట సబబే. కాని ఆ రెండు కత్తులును ఒకటి కావు. ఒకటియేనని నోటీసు చెప్పినది. చట్టము అట్లు చెప్పుట లేదు. ఈ భేదము తెలిసిన విద్యార్థి తన జేబులో ఏది ఉండవచ్చునో, ఏది ఉండరాదో తానే ఎంచుకొనగలడు. తెలియనివాడు నేడు నోటీసుకు భయపడును, రేపు బజారులో మరల బొత్తాము కత్తినే కొనును.

చాకు అను మాటయే మనకు ఉర్దూ మీదుగా వచ్చినది. కంప్యూటరు రాక మునుపు ఉర్దూ పత్రికలు కాతిబుల చేతివ్రాతతోనే అచ్చయ్యెడివి. కలంతరాష్ లేని కాతిబు లేడు. మన తెలుగు లేఖకునికిని గంటముతోపాటు తాటాకు అంచులు సవరించు చిన్న కత్తి ఉండెడిది. రెండు భాషలకును విద్య ఈ కత్తి చేతనే మొదలైనదన్న మాట. నేటికిని జామకాయ కోయుటకు, పార్సెలు పురికొస తెంచుటకు, హాస్టలు గదిలో కరెంటు తీగ తొడుగు ఒలుచుటకు దీనిని మించిన సాధనము లేదు. (తీగ ఒలుచుటకు ముందు స్విచ్చి ఆపుడని వార్డెనుగారి తరఫున మా మనవి.)

ఇక చట్టము. 1959 నాటి ఆయుధ చట్టము ‘ఆయుధము’ అను మాటకు ఇచ్చిన నిర్వచనమును మన విద్యార్థులు ఒక్కసారి చదువవలెను. దాడి కొరకు గాని, రక్షణ కొరకు గాని ఆయుధముగా రూపొందించిన లేక మలచిన వస్తువు ఆయుధము. కేవలము ఇంటి పనికి, వ్యవసాయమునకు చేసినది కాదు. లాఠీ, మామూలు చేతికర్ర ఇందుకు ఉదాహరణలుగా చట్టములోనే ఉన్నవి. ‘రక్షణ’ అను మాటను గమనింపుడు. ఆత్మరక్షణ అన్నచో కత్తి పవిత్రమగునని మనవారిలో చాలమందికి ఒక భ్రమ. నిజమునకు ఆ ఒక్క మాటతో మన నోటితో మనమే పనిముట్టును ఆయుధపు వరుసలో నిలబెట్టుచున్నాము. ఆ విద్యార్థి అధ్యాపకుల ఎదుట అన్నాడు కావున బీరువాతో పోయినది. పోలీసు ఎదుట అన్నచో కథ వేరుగా ఉండును.

ఆయుధ నియమావళి మొదటి షెడ్యూలు, 9 అంగుళములకు మించిన పొడవు లేక 2 అంగుళములకు మించిన వెడల్పు గల అలుగులను ఆయుధముల వర్గములో చేర్చినది. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరములకు చేసినవాటిని విడిచినది. అయితే 9 అంగుళముల లోపు కత్తి ఎక్కడైనను నిరపాయమని అనుకొనరాదు. చట్టము నాలుగవ సెక్షను ప్రకారము కేంద్ర ప్రభుత్వము ఒక ప్రాంతమునకు ప్రత్యేక ప్రకటన చేసి అక్కడ ఇట్టి ఆయుధములకును లైసెన్సు కావలెనని విధింపవచ్చును. ఢిల్లీలో 1980 అక్టోబరులో వెలువడిన ప్రకటన మీటతో, గరారీతో, బొత్తాముతో లేక మరేదేని యంత్రపు ఏర్పాటుతో తెరుచుకొను కత్తులను పట్టుకొన్నది. అలుగు పొడవు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు లేక అంతకు మించినవి దాని పరిధిలోనివి. 7.62 సెంటీమీటర్లన్న సరిగా 3 అంగుళములు. ఉద్యోగ పరీక్షలకని ఢిల్లీ రైలెక్కు మన విద్యార్థులు ఈ అంకెను గుర్తుంచుకొనవలెను.

హైదరాబాదు నగరములో నిజాము కాలపు పోలీసు చట్టము, 1348 ఫసలీ నాటిది, నేటికిని అమలులో ఉన్నది. ఊరేగింపుల సమయములలో దాని క్రింద కమిషనరు ఉత్తర్వులు వెలువడుచుండును. 2024 జూలై నుండి 144వ సెక్షను స్థానమున వచ్చిన 163వ సెక్షను క్రింద ఇతర ఊళ్లలోను నిషేధాజ్ఞలు రావచ్చును. అట్టి దినములలో జేబు ఖాళీగా ఉంచుటయే మేలు.

రాంపూరు సంగతి చూడుడు. రజా గ్రంథాలయము గల ఊరు అది. అయినను హిందీ చలనచిత్రములలోని ప్రతినాయకుల పుణ్యమా అని లోకమునకు తెలిసినది రాంపురీ చాకు. నాలుగున్నర అంగుళములకు మించిన అలుగును ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము 1990లలో నిషేధించగా ఆ వృత్తివారి జీవనము దెబ్బతిన్నది. 2023లో అదే పట్టణపు కూడలిలో సుమారు 20 అడుగుల చాకు ప్రతిమ నిలిచినది. చేతిలోనిది నేరము, కూడలిలోనిది గౌరవము! పనివాని నేర్పునకు వచ్చిన పేరును చలనచిత్రపు రౌడీ ఎట్లు కాజేసినాడో దీనివలన తెలియును. మా తోటి విద్యార్థి ఉరుసు బజారులో కొన్నది కత్తిని కాదు, ఆ రౌడీ వేషమును.

ఇంకొక మాట చెప్పక తప్పదు. మనది మైనారిటీ కళాశాల. మన విద్యార్థి జేబులో కత్తి దొరికినచో కొందరు ముందుగా కొలుచునది అలుగు పొడవును కాదు. పేరు అడిగి, కళాశాల పేరు అడిగి, ఆ తరువాత స్కేలు తీయుదురు. ఇది న్యాయమా అని వాదింపవచ్చును, మేమును వాదింతుము. కాని వాదము గెలుచునంతవరకు స్టేషను బల్లపై కూర్చుండువాడు మన సోదరుడే. అందుచేతనే మనవాడు ఎంచుకొను చాకు చూడగానే పనిముట్టని తెలియునట్లు ఉండవలెనని మా పట్టుదల.

అట్టి చాకు ఎట్లుండును? అలుగు 3 అంగుళముల లోపు, ఒకవైపే పదును. మీట, బొత్తాము, స్ప్రింగుతో ఎగురు ఏర్పాటు ఉండరాదు. గోటి గంటు పట్టుకొని రెండు చేతులతో తెరువవలెను. పక్కన ఒక కత్తెరయో, డబ్బా మూత తీయు కొక్కెమో ఉన్నచో మరియు మంచిది. 1897 నాటి నుండి పేరొందిన స్విస్ అధికారుల చాకు ఈ తరగతిదే. అంత వెల పెట్టలేనివారికి మన బజారులోని పండ్ల చాకు చాలును. పై చదువులకు ఇంగ్లండు వెళ్లుచున్నవారు మరింత జాగ్రత్త వహింపవలెను. అక్కడ 1988 నాటి చట్టము ప్రకారము తగిన కారణము లేకుండ బహిరంగ స్థలములో ఉంచుకొనదగినది 3 అంగుళములకు మించని మడత చాకు మాత్రమే. తెరచిన పిమ్మట బిగిసి నిలుచు తాళము ఉన్నచో దానిని మడత చాకుగా న్యాయస్థానములు అంగీకరింపలేదు. విమానములో ఏ చాకునైనను చేతిసంచిలో కాక, అప్పగించు పెట్టెలో పెట్టవలెను.

కమిటీ పెద్దలకు మా విన్నపము చిన్నది. నోటీసును తొలగింపనక్కరలేదు, సవరింపుడు. స్ప్రింగు కత్తులకు, పొడవాటి కత్తులకు నిషేధము ఉండనిండు. పైని చెప్పిన చిన్న చాకును పరీక్షల దినములలో మాత్రము గేటు వద్ద చీటీ తీసుకొని అప్పగించు ఏర్పాటు చేయుడు. వృక్షశాస్త్ర విద్యార్థులు ప్రయోగశాలకు బ్లేడు తెచ్చుకొనుటకు ఇప్పుడు ప్రతిదినము పైఅధికారి సంతకము పెట్టించుకొనుచున్నారు. ఆ అవస్థయు తప్పును.

బొత్తాము కత్తి యజమాని దానిని తిరిగి అడుగలేదు, మేమును అడుగము. కలంతరాష్ మాత్రము నేటికిని బీరువాలోనే ఉన్నది. దాని యజమానికి ఇది ఆఖరి సంవత్సరము. ఈ సంచిక ముఖపత్రముపై కళాశాల పేరును ఉర్దూలో వ్రాసినవాడు అతడే. అందుకై కలము మొనను షేవింగు బ్లేడుతో చెక్కుకొన్నాడు, బొటనవ్రేలు తెగినది. వీడ్కోలు సభకు ముందుగా అతని తాతగారి చాకును అతనికి ఇప్పింపవలెనని కోరుచున్నాము.