రొయ్యల గుంటకు రిజిస్ట్రేషను. తాగే నీటికి అక్కర లేదా?

జువ్వలదిన్నె: సముద్రం ఒడ్డునే ఉన్నా బిందెడు మంచినీటికి వెదుకులాట తప్పని గ్రామాలు నెల్లూరు తీరంలో ఎన్నో ఉన్నాయి. రొయ్యల సాగు వల్ల బావులు ఉప్పెక్కుతున్నాయన్న మొర సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1996 డిసెంబరు 11 నాటి తీర్పులో ఈ జిల్లా ప్రస్తావన ఉంది. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, తీరంలో రొయ్యల సాగుకు రిజిస్ట్రేషను తప్పనిసరి చేసింది.

మరి మనుషులు తాగే నీటి సంగతేమిటి? ఒక షెడ్డు, ఒక బోరు, నాలుగు ఫిల్టరు గొట్టాలు ఉంటే వాటర్ ప్లాంటు వెలుస్తున్నది. ఎరువులు అమ్మాలంటే లైసెన్సు కావాలి. పురుగుమందుల కొట్టుకు లైసెన్సు కావాలి. కరెంటు పనుల కాంట్రాక్టరుకూ కావాలి. ఊరంతా తాగే నీటికి యంత్రం బిగించేవాడు మాత్రం ఏ పరీక్షా ప్యాసు కానక్కరలేదు. ఇది శోచనీయం.

సీలు వేసి అమ్మే నీటికి చట్టం లేకపోలేదు. 2001 నుంచి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆ నిబంధన తొలగించి, నవంబరులో ఆ నీటిని ప్రమాదం ఎక్కువగా ఉండే ఆహార పదార్థాల జాబితాలో చేర్చి, ఏటా తనిఖీ తప్పదన్నారు. కాని 2006 నాటి ఆహార భద్రత చట్టం చెప్పేది ప్యాకేజి నీటిని గురించే. ఇంటి నుంచి క్యాను తీసుకెళ్ళి ప్లాంటు కుళాయి కింద పట్టుకునే విడి నీరు దాని చూపుకు ఆనడం లేదు. పేదవాడు తాగేది ఆ నీరే.

తియ్యగా ఉంటే మంచినీళ్ళే అనుకోవడం పొరపాటు. ఫ్లోరైడు నాలుకకు తెలియదు, క్రిములు కంటికి కనబడవు. లీటరులో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదని భారత ప్రమాణం. వేరే నీరు దొరకనిచోట 2000, 1.5 వరకు సహించవచ్చు. లోపలి మెంబ్రేన్ అరిగినా, వేళకు మార్చకపోయినా ఉప్పు మళ్ళీ నీటిలోకి వస్తుంది. టాంకు కడగకపోతే శుద్ధి చేసిన నీరే చెడిపోతుంది. శుద్ధిలో మిగిలిన ఉప్పునీటిని వీధిలోకి వదిలితే అది నేలలో ఇంకి బోర్లనే పాడుచేస్తుంది.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఇళ్ళకు నీటిశుద్ధి యంత్రాలు బిగించే వారికి కూడా ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ దేశంలో ప్రజలకు నీరందించే ప్లాంట్ల ఆపరేటర్లకు అర్హతా పత్రం ఉండాలని 1996లో చట్టాన్ని సవరించారు.

లైసెన్సు అంటే మరో మామూలు, మరో ఆఫీసు చుట్టూ ప్రదక్షిణ అని ప్లాంట్ల వారు భయపడతారు. ఆ భయం అకారణం కాదు. కుళాయి రాని రోజు ఊరి దాహం తీర్చేది వారే కనుక ప్లాంట్లు మూయించడం పరిష్కారం కాదు. కావలసింది డబ్బు గుంజే లైసెన్సు కాదు, పని నేర్పే లైసెన్సు. బిగించేవారికి, నడిపేవారికి మండల కేంద్రంలో శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, పేర్లు పంచాయతీ రిజిస్టరులో ఎక్కించాలి. మెంబ్రేన్ మార్చిన తేదీ, నెలనెలా నీటి పరీక్ష ఫలితం ప్లాంటు గోడమీద తెలుగులో రాయించాలి. జలజీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలని నిబంధన ఉంది. వారి చేత ప్లాంటు నీటినీ పరీక్షింపజేస్తే ఖర్చు స్వల్పం.

జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బరుకు 2020 నవంబరు 21న శంకుస్థాపన జరిగింది. బోట్లతోపాటు కూలీలు, ఐసు, వచ్చిపోయే జనం పెరిగితే తాగునీటి గిరాకీ పెరుగుతుంది, ప్లాంట్లూ పెరుగుతాయి. ఎవరికైనా జబ్బు చేశాక విచారణ జరిపించడం కంటె ముందుగా నిబంధన పెట్టడం మేలు. పంచాయతీ, గ్రామీణ నీటి సరఫరా శాఖ, ఆహార భద్రత అధికారులు ఒకచోట కూర్చుని ఈ బాధ్యత ఎవరిదో తేల్చాలి. రొయ్య పెరిగే నీటికి ఉన్న లెక్క బిడ్డ తాగే నీటికీ ఉండాలి.