ఒరవడి దాటి దస్తూరికి

స్మార్ట్‌ఫోన్ లేని ఇల్లు అరుదైన ఈ కాలంలో, ఆ ఫోనులో పనిచేసే యాప్‌లను తామే తయారు చేయాలన్న ఉత్సాహం మన విద్యార్థి లోకంలో కలగడం శుభపరిణామం. అయితే ఆ విద్యను అభ్యసించే పద్ధతి విషయంలో భిన్నాభిప్రాయాలు వినవస్తున్నవి. ఎవరో వ్రాసి ఉంచిన సిద్ధమైన కోడ్‌ను తెచ్చుకొని, అందులో మార్పులు చేస్తూ నేర్చుకోవడం చౌర్యమని కొందరు పెద్దల ఆక్షేపణ. ప్రపంచమంతా చేస్తున్నది అదే కదా అని విద్యార్థుల సమాధానం. ఈ రెండు వాదాలలోనూ ఉన్నది సగం సత్యమేనని నా అభిప్రాయం.

మన పూర్వులు చదువు ప్రారంభించిన తీరును స్మరించుకుందాం. తెలుగు బడిలో పంతులుగారు పలక మీద ఒరవడి పెడితే పిల్లవాడు దానిపైనే పదేపదే దిద్దేవాడు. ఉర్దూ మక్తబులో ఉస్తాదు వ్రాసి ఇచ్చిన అక్షరాలను చూచి శిష్యుడు తఖ్తీపై మష్క్ చేసేవాడు. దానిని ఎవరూ దొంగతనమని అనలేదు. కాని ఏళ్లు గడిచినా ఒరవడి లేనిదే ఒక్క అక్షరం వ్రాయలేని వానిని చదువు వచ్చినవాడని కూడా ఎవరూ అనలేదు. ఒరవడికి పరమార్థం సొంత దస్తూరి.

యాప్ విద్యలోనూ ఒరవడి ఉన్నది. ఫ్లట్టర్ అనే సాధనంలో కొత్త ప్రాజెక్టును ప్రారంభించగానే, బటన్ నొక్కినప్పుడల్లా అంకె ఒకటి పెరిగే చిన్న యాప్ సిద్ధమై ఎదుట నిలుస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియో సైతం ఇటువంటి నమూనాలను తానే అందిస్తుంది. తెరపై ఒక్క మాట కనబడడానికి ముందే అమర్చవలసిన ఫైళ్లు అనేకం. వాటన్నిటినీ మొదటి రోజే శూన్యం నుండి నిర్మించమంటే, ఎంతటి ఆసక్తి గల విద్యార్థి అయినా నిరుత్సాహపడక తప్పదు. పనిచేసే యంత్రాన్ని ముందు పెట్టుకొని, ఒక్కొక్క మరను త్రిప్పి చూచి నేర్చుకొనడమే సహజ మార్గం.

ఇందుకు చరిత్రలో గొప్ప దృష్టాంతమున్నది. విద్యార్థులకు బోధించే నిమిత్తం ఆండ్రూ టానెన్‌బామ్ అనే ఆచార్యుడు మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమును వ్రాసి, 1987లో దాని కోడ్‌తో సహా వెలువరించారు. దానితో సాధన చేసిన లీనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండ్ విద్యార్థి 1991లో లినక్స్‌ను తన చేతితో వ్రాసి లోకానికి అందించాడు. నేడు మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు మూలాధారం ఆ లినక్సే. మినిక్స్ ఒరవడి అయితే, లినక్స్ దస్తూరి.

కాగా మన చుట్టూ జరుగుతున్నదేమి? సిద్ధమైన యాప్ పేరు, రంగు, బొమ్మ మార్చి, "ఇది నా ప్రాజెక్టు" అని అట్టవేసి సమర్పించే వారున్నారు. డబ్బు చెల్లించి ప్రాజెక్టునే కొనుక్కొనే వారూ ఉన్నారు. అడిగిన తక్షణమే కోడ్ వ్రాసి ఇచ్చే కృత్రిమ మేధ కూడా ఇప్పుడు తోడైనది. లోపల ఏమున్నదో ఎరుగని కోడ్ ఎంతటి ప్రమాదమో 2021 డిసెంబరులో లోకమంతా చూచినది. లాగ్‌ఫోర్‌జే అనే ఉచిత కోడ్‌లో ఘోరమైన లోపం బయటపడినప్పుడు, అది తమ ప్రోగ్రాములలో ఉన్నదో లేదో కూడా తెలియక ఎన్నో సంస్థలు తల్లడిల్లినవి.

మరి అసలైన మార్పు అనగా ఏది? మన కళాశాలకు తగిన పరీక్ష ఒకటి చెబుతాను. సిద్ధమైన యాప్‌ను తెచ్చి, తెలుగులోను ఉర్దూలోను పలికించండి. పదాలను అనువదించినంత మాత్రాన పని పూర్తి కాదని మొదటి గంటలోనే తెలిసివస్తుంది. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడిచే లిపి. కోడ్‌లో "లెఫ్ట్", "రైట్" అని వ్రాసిన అమరిక కదలక అట్లే నిలుస్తుంది. "స్టార్ట్", "ఎండ్" అని వ్రాసినదే భాషను బట్టి దిశ మార్చుకుంటుంది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2 నుండి ఈ సౌకర్యమున్నది. నస్తాలీఖ్ అక్షరాలు ఏటవాలుగా క్రిందికి జారుతాయి గనుక వరుసల నడుమ ఎడం చాలక తెగిపోతాయి. ఇక తెలుగులో "స్త్రీ" అన్నది మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు. పేరును ఇన్ని అక్షరాల వద్ద కత్తిరించమని మూల రచయిత వ్రాసి ఉంటే, మన అక్షరం మధ్యలో విరుగుతుంది. ఆ విరుగుడును సరిచేసిన విద్యార్థి మూల రచయితకు తట్టని విషయాన్ని నేర్చినవాడవుతాడు.

ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామం పేరిట వెలసిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించినది. ఏ దేశపు సిద్ధ నమూనాలోనూ ఆ లిపికి ప్రత్యేక ఏర్పాటు ఉంటుందని ఆశించలేము. ఆ పని చేయవలసినది ఈ ప్రాంతపు యువకులు కాక మరెవరు?

విద్యార్థి మిత్రులకు నా మనవి ఇది. కోడ్‌ను ముందు చదవండి. ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. ఫలితమేమవుతుందో ముందుగా ఊహించి, పిదప నడిపి చూడండి. ఉద్దేశపూర్వకంగా చెడగొట్టి, తిరిగి బాగుచేయండి. మూల రచయిత పేరును, లైసెన్సు షరతులను గౌరవించండి. ఎం.ఐ.టి. లైసెన్సు గల కోడ్‌ను స్వేచ్ఛగా మార్చుకొనవచ్చును గాని, అందులోని హక్కుల ప్రకటనను తొలగించరాదు. చివరకు నమూనాను మూసివేసి, ఒక్క తెరనైనా ఖాళీ పుట నుండి వ్రాయండి.

కళాశాల కమిటీ పెద్దలకు రెండు విన్నపాలు. మొదటిది, ప్రాజెక్టును అట్ట మందాన్ని బట్టి తూచవద్దు. ఏది తెచ్చుకున్నాడో, ఏది మార్చాడో, ఎందుకు మార్చాడో విద్యార్థిచేత రెండు పుటలలో వ్రాయించి, పరీక్షకుని ఎదుటనే ఒక చిన్న మార్పు చేయించండి. అరగంటలో నిజం తేలిపోతుంది. రెండవది, ఆండ్రాయిడ్ స్టూడియో నడవాలంటే కంప్యూటరులో కనీసం 8 జి.బి. మెమరీ కావాలి. ఫోను తప్ప కంప్యూటరు లేని ఇళ్ల నుండి వచ్చే పిల్లలకు కళాశాల ప్రయోగశాలయే దిక్కు. తరగతుల అనంతరం మరి రెండు గంటలు దాని తలుపులు తెరచి ఉంచండి. సాధనకు చోటు చూపకుండా, కొనుక్కున్నారని పిల్లలను నిందించడం న్యాయం కాదు.

మన రెండు భాషల బడులూ శతాబ్దాలుగా చాటిన నీతి ఒక్కటే. దిద్దనిదే చేయి కుదరదు; ఎల్లకాలం దిద్దుతూ కూర్చుంటే దస్తూరి రాదు. మన విద్యార్థులు ఒరవడిని కృతజ్ఞతతో స్వీకరించి, దానిని దాటి, రేపటి వారికి తామే ఒరవడి పెట్టగలవారు కావాలని నా ఆకాంక్ష.